గుడ్డపీలిక లేని గోడ

నాగర్‌కర్నూల్ దాటి బల్మూర్ దగ్గరపడుతుండగా బస్సు టైరు పంక్చరైంది. దిగి రోడ్డుపక్క మోరీ గోడ మీద కూర్చుని పేపరు విప్పాను. తొంభై ఒకటి అక్టోబరు. ఉత్తరదేశంలో భూమి కంపించిన వార్తలే పేజీ నిండా. అదే బస్సు దిగిన, నలభై దాటిన ఒకామె వచ్చి నిలబడింది.

“పెద్దాయనా, గా భూమి కదిలిన ముచ్చట రాసిండ్రా? మా కరెంటు కార్ఖానా నిలవడ్డదా, పడ్డదా?”

పేరు ఈదమ్మ. ఊరు బల్మూర్. పాలమూరు లేబరు తట్ట మోయని ఆనకట్ట దేశంలో ఉందా! ఎనభైల మొదట్లో ఈమె గుంపు ఆ ఉత్తరదేశంలోనే అణు విద్యుత్ కేంద్రానికి గోడలు పోసిందట. భూకంపాలొచ్చే నేల, గోడలో ఇంత సందు కూడా మిగలొద్దని ఇంజనీరు మొదటిరోజే చెప్పాడట.

భూకంపం మాటొస్తే నా నోరు ఊరుకుంటుందా? నేలకింద పలకలు ఒరుసుకుంటాయని పుస్తకాలంటాయనీ, ఆదిశేషుడు బరువును ఒక తల మీంచి ఇంకో తలకు మార్చుకుంటాడని మా నాయనమ్మ అనేదనీ ఎత్తుకున్నాను.

“మోసెటోనికి మెడ గుంజదా మరి? పాపం, సుట్టబట్ట లేదేమో!” అని నవ్వింది. తట్ట కింద తలమీద పెట్టుకునే గుడ్డచుట్టే సుట్టబట్ట. ఆమె కథంతా దాని మీదే ఉంది.

ఒకనాడు కాంక్రీటు పోస్తుంటే ఆమె వదిన అలివేలమ్మ సుట్టబట్ట జారి ఇనుప చువ్వల నడుమ పడింది. పైన రెండు తట్టలు పడనే పడ్డాయి. మేస్త్రీ తిమ్మప్ప, “ఊకోండ్రి, ఎవలు చూసిండ్రు?” అన్నాడు.

“‘నేను చూసిన గద మామా’ అన్న. తట్ట దించి అడ్డం కూసున్న. ‘పోస్తె నా నెత్తిన పోయుండ్రి’ అన్న. ఇంజనీరు ఉరికొచ్చి అంత తోడిపిచ్చి, గుడ్డ తీపిచ్చి, మల్ల పోపిచ్చిండు. గుంపంత నన్ను తిట్టుడే. మా వదినైతే గియ్యాల్టికి దెప్పుతది, గుడ్డపీలిక కోసం నలుగుట్ల నా పరువు తీస్తివి, గా గోడేమన్న నీ మొగుడా అని.”

“గుడ్డపీలికకే గోడ పడుతుందా అమ్మా?”

“నాకేం తెల్వదు. తెల్వనిదాన్ని లోపట పెట్టి మూస్తమా, గసొంటి జాగల?”

లోపలి పేజీ అడుగున దొరికింది: కేంద్రానికి నష్టం లేదు, గోడల్లో పగుళ్లు కనిపించలేదు. మళ్లీ చదివించుకుంది.

“ఒక్క పగులు గిట్ల లేదు?”

“లేదు.”

“గది మా గోడ.”

నా చేతిలోంచి పేజీ లాక్కుని, మడిచి నడుముకు దోపుకుంది. తనకు చదువు రాదు, వదినకు ఆమె మనవడు చదివి వినిపిస్తాడట. తువ్వాలు చుట్ట చుట్టి తలమీద పెట్టుకుని, దానిమీద మూట ఎత్తుకుంది.

“టైరు మారుస్తున్నారు, ఆగమ్మా,” అన్నాను.

అప్పటికే బల్మూర్ దారి పట్టింది. వెనక్కి చూడలేదు. మూటకు చేయి కూడా పట్టలేదు.