కార్డులో ఉండేదే వయసు

ముందే చెప్పేస్తాను. నా పెండ్లి చెడగొట్టుకోవడానికి నేను ఎంత కష్టపడ్డానో చెప్పబోతున్నాను. మామూలుగా ఒక సంబంధం చెడాలంటే కనీసం నలుగురు మనుషులు కావాలి. ఒకరు ఆకాశరామన్న ఉత్తరం రాయాలి, ఒకరు జాతకంలో వంక పెట్టాలి, ఒకరు బస్టాండులో చాడీ చెప్పాలి, ఇంకొకరు 'మనకెందుకులే' అంటూనే అంతా చెప్పాలి. నాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. జమ్మలమడుగులో, పట్టపగలు, ముప్పై మంది లైన్లో నిలబడి చూస్తుండగా, ఆ పనంతా నేనొక్కడినే చేసుకున్నాను.

అప్పట్లో మందు షాపులను సర్కారే నడిపేది. నేను డిగ్రీ చదివి, మూడేండ్లు పోటీ పరీక్షలు రాసి, ఆఖరికి జమ్మలమడుగు షాపులో కాంట్రాక్టు సేల్స్‌మన్‌గా చేరాను. మాది ప్రొద్దుటూరు. మా నాయన ఒక బట్టల అంగట్లో చీరలు చూపించే పని చేస్తాడు. కొడుకు ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే 'గవర్నమెంటులో' అని చెప్పి, రెండో ప్రశ్న రాకముందే ఇంకో చీర మడత విప్పేవాడు. మా అమ్మకు దాచడం చేతకాదు. "బ్రాందీ షాపులో. కానీ మావోడు మూత వాసన గూడ చూడడు" అనేది.

అది నిజమే. నేను తాగను. తాగనివాడు మందు షాపులో పనిచేస్తే వచ్చే చిక్కు ఏమిటంటే, లైన్లో నిలబడిన వాళ్లందరికీ తానే పెద్దదిక్కు అనుకుంటాడు. నేనూ అనుకున్నాను. సీసా ఇచ్చే ప్రతిసారీ ఒక నీతివాక్యం కూడా ఇచ్చేవాణ్ని. మా సూపర్‌వైజర్ బాషా అన్న "ఓబులేసూ, వాళ్లు సీసా కోసరం వచ్చినార్రా, నీ ఉపన్యాసం కోసరం రాల్యా" అని ఎన్నిసార్లు చెప్పినా నా నోరు ఊరుకునేది కాదు.

షాపు పేరు వినగానే మూడు సంబంధాలు పారిపోయాయి. నాలుగోది పులివెందుల సంబంధం. అమ్మాయి పేరు రేణుక. ఆధార్ సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల పేర్లూ తప్పులూ సరిచేసే పని. ఫోటో చూసిన రోజు నుంచి నాకు అన్నం సరిగా పోలేదు. ఫోన్లో దాచుకుని, ఒక సీసాకూ ఇంకో సీసాకూ మధ్య చూసుకునేవాణ్ని. ఆ పిల్ల కాదంటే ఈ జన్మకు పెండ్లి వద్దని మనసులో గట్టిగా అనుకున్నాను కూడా. వాళ్లేమో "విచారించి చెప్తాం" అన్నారు.

మా వైపు విచారించడం అంటే ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. పిల్ల తరపు బంధువు ఒకరు ఎవరికీ చెప్పకుండా వచ్చి, టీ అంగట్లో ఒక మాట, క్షవరం షాపులో ఒక మాట అడిగి, ఆఖరికి పిల్లోడు పనిచేసే చోటికే వచ్చి దూరం నుంచి చూసి పోతాడు. ఇది నాకూ తెలుసు. ఆ పది రోజులూ ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలే వేసుకున్నాను.

ఇంతలో ఒక సోమవారం ఎక్సైజు సారు తనిఖీకి వచ్చాడు. ఆయన లోపలికి అడుగుపెట్టే సమయానికి నేను ఒక మీసాలాయనకు సీసా అందిస్తున్నాను. సారు అతని కార్డు అడిగి చూశాడు. అతనికి ఇరవై ఏండ్లే. మన రాష్ట్రంలో ఇరవై ఒకటి నిండనిదే మందు అమ్మకూడదు.

"ఏం చూసి ఇస్తాండావు?" అన్నాడు సారు.

"మీసం చూసి సార్."

"మీసానికి చట్టం చేసినారా, వయసుకు చేసినారా? రేపట్నుంచి కార్డు చూడందే సీసా ముట్టుకోవద్దు. ఎవురైనా సరే. ఇంకోసారి దొరికితే ఇంటికి పంపిస్తా."

బుద్ధున్నవాడు ఎవరైనా 'ఎవురైనా సరే' అంటే కుర్రకారు గురించి అని అర్థం చేసుకుంటాడు. నేను ఎవరైనా అంటే ఎవరైనా అనే అర్థం చేసుకున్నాను. మరునాడు తలుపు తీసిన దగ్గర నుంచి అందరినీ కార్డు అడిగాను. చేతికర్రతో వచ్చిన ముసలాయనను అడిగితే పాపం రేషన్ కార్డు చూపించాడు. దాన్నీ ఒప్పుకోలేదు. లైను రోడ్డెక్కింది.

పదకొండు గంటలప్పుడు కిటికీ ముందుకు ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తుండు, నల్లగా రంగేసిన జుట్టు. యాభైకి ఒకటి రెండు పైనే ఉంటాయి.

"ఏమప్పా, వీటిల్లో ఏది బాగుంటాది?" అన్నాడు తాపీగా.

"నాకు తెల్దు. నేను తాగను."

ఆయన ముఖం వికసించింది. "మంచిది. శానా మంచిది. అయితే ఏదో ఒకటి ఇయ్యి."

ఇక్కడ ఆపి ఉంటే మీకు చెప్పడానికి ఈ కథ ఉండేది కాదు.

"కార్డు చూపీ" అన్నాను.

"ఏం కార్డు?"

"ఆధార్. వయసు చూడల్ల."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, తన వెనకాల ఎవరినైనా అడుగుతున్నానేమో అని. "నన్నేనా? నాకు యాభై రెండప్పా. మొకం చూస్తే తెల్డంలా?"

"మొకానికేముండాది, జుట్టుకు రంగేసుకోల్యా? చెప్పే వయసు ఎవురికి కావల్ల. కార్డులో ఉండేదే వయసు."

లైనంతా నవ్వింది. బాషా అన్న లోపలి నుంచి "ఒరే, ఆయప్పకు మనవళ్లుండే వయసురా, ఇచ్చి పంపీ" అన్నాడు. నవ్వు వినబడిన తర్వాత నేను ఆగే రకం కాదు. "మనిషన్నాక కార్డు జేబులో ఉండల్ల. నాది చూడు, స్నానానికి పోయినా పక్కనే పెట్టుకుంటా" అని చొక్కా జేబు తట్టి చూపించాను.

లైన్లోంచి ఒకాయన గొణిగాడు. "ఇరవై ఒకటికి పెండ్లి చేసుకోవచ్చంట, అంతకు ముందే ఓటెయ్యొచ్చంట. ఈడ యాభైకి గూడ ఇయ్యరంట."

ఇంకొకాయన "వయసు ఎంత పెట్టినా ఏమప్పా, చిన్నోడు పెద్దోడి చేత తెప్పించుకుంటాడు" అన్నాడు.

"అందుకే ఇరవై ఒకటి చాలదంటాండా" అని నేను గొంతు పెంచాను. "ముప్పైకి పెంచల్ల. ముప్పై దాకా మగోడికి బుద్ధి రాదు. బుద్ధి రానోడికి మందు ఇయ్యగూడదు, బండి ఇయ్యగూడదు, ఏ బాధ్యతా ఇయ్యగూడదు."

పంచె పెద్దమనిషి కిటికీకి ఇంకాస్త దగ్గరగా వంగాడు. "ముప్పై దాకా రాదంటావు."

"రాదు. కావాలంటే రాసిస్తా."

"నీ పేరేందప్పా?"

"ఓబులేసు. ప్రొద్దుటూరు. ఎవురికి చెప్పుకుంటావో చెప్పుకోపో."

"చెప్తాలే" అని ఆయన తుండు సర్దుకుని వెళ్లిపోయాడు. నేను ఆ రోజంతా చట్టాన్ని నా భుజాల మీద మోస్తున్నట్టు నిలబడ్డాను. సాయంత్రం బస్సులో అమ్మకు ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పుకున్నాను.

ఆదివారం చూపులకు రమ్మని పులివెందుల నుంచి కబురొచ్చింది. అమ్మ, నాయన, నేను ముద్దనూరు మీదుగా పోయాం. దారి పొడుగునా నేను ఏం మాట్లాడకూడదో అమ్మ చెబుతూనే ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి తలెత్తాను. తెల్ల పంచె, భుజాన తుండు, రంగేసిన జుట్టు. ఆయన చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు.

"కార్డు" అన్నాడు.

విప్పిన చెప్పుల్లోకే నా కాళ్లు తిరిగి దూరాయి. అమ్మ "ఏం కార్డన్నా?" అని అడిగింది.

"మీవోడికి తెల్సులేమ్మా. రాండి, కూర్చోండి."

ఆయన రేణుక మేనమామ, చెన్నకేశవులు. ఆ ఇంట్లో ఆయన మాట దాటి ఏదీ జరగదట. కాఫీలు ఇచ్చిన తర్వాత జమ్మలమడుగు కథంతా, ఒక్క మాట కూడా కలపకుండా, ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాడు. కలిపి ఉంటే ఖండించవచ్చు. మా నాయన చీర ఏదైనా దొరికితే మడత విప్పుదామన్నట్టు అటూ ఇటూ చూశాడు. రేణుక తల వంచుకుని కూర్చుంది. ఫోటోలో కంటే బాగుంది. అది నా కష్టాన్ని ఇంకా పెంచింది.

"పిల్లోడు తాగడు. ఆడికి నాకు నమ్మకం కుదిరింది" అన్నాడు మామ. "ఇంక బుద్ధి సంగతి. నీకెంతప్పా ఇప్పుడు?"

"ఇరవై ఆరు మామా."

"ముప్పై దాకా బుద్ధి రాదని రాసిస్తానంటివే. ఏ బాధ్యతా ఇయ్యగూడదని గూడ అంటివి. పెండ్లాం బాధ్యత గాదా? నాలుగేండ్లాగి రా."

"ముప్పై అంటే... శానా ఎక్కువ చెప్పినాలే మామా. ఇరవై ఎనిమిది."

"రెండేండ్లాగి రా."

"ఇరవై ఆరుకే వస్తాది మామా బుద్ధి. నాకు మొన్ననే వచ్చింది."

అమ్మ మోచేత్తో పొడిచింది. మామ నవ్వలేదు. "సరే. ఇరవై ఆరని ఎట్ల నమ్మేది? చెప్పే వయసు నాకెందుకు. కార్డు ఇటీ."

జేబులో లేదనడానికి వీల్లేదు, స్నానానికి పోయినా పక్కనే పెట్టుకుంటానని ముప్పై మంది ముందు చెప్పినవాణ్ని. తీసిచ్చాను. ఆయన దాన్ని మేనకోడలికి అందించాడు. "చూడమ్మీ, ఇది నీ పనే గదా."

రేణుక తేదీ చదివింది. వేళ్ల మీద లెక్క వేసింది. "ఇరవై నాలుగు" అంది మెల్లగా.

అమ్మే ముందు తేరుకుంది. "అది బళ్లో సారు రాసిన తేదీ అన్నా. వీన్ని ఏడేండ్లకు బళ్లో వేసినాం. వయసు తగ్గిస్తే రేపు ఉద్యోగానికి పనికొస్తాదని సారే ఐదని రాసినాడు. అందరికీ అట్లనే రాసినాడు."

"తెలుసమ్మా. నాకు గూడ అట్లనే రాసినారు. కానీ నేను చెప్తే మీవోడు విన్యాడా? కార్డులో ఉండేదే వయసన్యాడు."

అప్పుడు రేణుక వాళ్ల అమ్మ వంటింటి తలుపు దగ్గర నుంచి అడిగింది. "పాపకు ఇరవై ఐదు గదా. అది ఆస్పత్రిలో పుట్టింది, దాని తేదీ తప్పు గాదు. అంటే కార్డు లెక్కన మా పాప ఏడాది పెద్దదా?"

పిల్ల పెద్దదంటే మా వైపు సంబంధం అక్కడితో సరి. రేణుక వాళ్ల అమ్మ ముఖంలో నిజంగానే దిగులు కనబడింది. పెండ్లి రిజిస్టరు చేయించేటప్పుడు ఆ కార్డులే చూస్తారు, చూసినవాళ్లు ఊరుకుంటారా అంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం వృథా అనిపించి మామ వైపు తిరిగి చేతులు జోడించాను.

"తప్పయిపాయ మామా. మొకం చూసి ఇయ్యాల్సింది. జనం నవ్వితే ఎచ్చులకు పోయినా."

రేణుక మొదటిసారి తలెత్తింది. "ఒక మాట అడగల్ల. మా మామ అని ముందే తెలిసుంటే, కార్డు లేకపోయినా ఇచ్చేవాళ్లా?"

ఇవ్వననాలో ఇస్తాననాలో తేలలేదు. అబద్ధం ఆలోచించే తెలివి కూడా ఆ పూటకు అయిపోయింది. "మామకు ఇచ్చేవాన్నే. కానీ నిజంగా ఇరవై ఏండ్లోడయితే, వాడు నాకు తమ్ముడయినా ఇయ్యను."

ఆమె కార్డు నా చేతికి తిరిగి ఇచ్చింది. "పెద్దదాన్నయితే ఏమైతాది మామా. పెద్దోళ్ల మాట ఇంట్లో చెల్లుతాది గదా. నాకు ఇష్టమే" అంది.

మామ అప్పుడు నవ్వాడు. అంతవరకూ ఆపుకున్నదంతా కలిపి నవ్వాడు. పెండ్లి రోజు తన ఆధార్ కార్డును లామినేషన్ చేయించి, తాడు కట్టి మెడలో వేసుకుని భోజనాల దగ్గర తిరిగాడు. వడ్డించేవాళ్లకు చూపించి మరీ విస్తరి ముందు కూర్చున్నాడు. బాషా అన్న ఆ కార్డు పట్టుకుని పరీక్షగా చూసి, "సరిపోయింది, ఈయప్పకు పాయసం ఇయ్యొచ్చు" అన్నాడు.

పెండ్లయిన నెలకు నేను రేణుక పనిచేసే సెంటర్‌కు పోయి పుట్టిన తేదీ మార్చమని అర్జీ పెట్టాను. ఆమె నా కాగితాలు మామూలు జనం కాగితాలు చూసినట్టే చూసింది. "పదో తరగతి సర్టిఫికెట్లో గూడ ఇదే ఉండాది. మార్చేదానికి కుదరదు. తర్వాత ఎవురు?" అంది. లైన్లో నా వెనకున్నాయన నన్ను పక్కకు జరిపాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ కూర వండాలన్నా, ఏ ఊరికి పోవాలన్నా, బిడ్డకు ఏ పేరు పెట్టాలన్నా మాట ఆమెదే. నేను నోరు తెరిస్తే "పెద్దదాన్ని చెప్తాండా" అంటుంది. నేను తలూపి చెప్పినట్టు చేస్తాను, ఎందుకంటే ఆ చట్టం చేసింది నేనే.

ఆ షాపులు ఇప్పుడు మళ్లీ ప్రైవేటు వాళ్లవి అయ్యాయి. నేను నాయన పక్కన నిలబడి చీరలు చూపిస్తున్నాను. తాగే వయసు ఇరవై ఒకటి చాలా, ఇరవై ఐదుకు పెంచాలా అని అంగట్లో ఎవరైనా మొదలుపెడితే, నేను చప్పుడు చేయకుండా ఇంకో చీర మడత విప్పుతాను.

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: ప్రొద్దుటూరు ఓబులేసు అనే నేను, తల్లి లెక్క ప్రకారం కొంత వయసూ, కార్డు లెక్క ప్రకారం అందులో రెండేండ్లు తక్కువా కలిగినవాణ్ని, ఇకమీదట నెత్తిన రంగు వేసుకున్న ఏ మగవాణ్నీ వయసు అడగను. మగవాడికి బుద్ధి ఎప్పుడు వస్తుందనే విషయంలో ఎవరికీ ఏదీ రాసివ్వను.

ఈ శపథం రేణుకకు చదివి వినిపించాను. ఆమె బిడ్డకు అన్నం కలుపుతూ, "పెద్దల ముందర చేసినారు, తప్పకండి" అంది.