రిపోర్టు వెనక అచ్చేసిన కోడ్

ఎంసీఏ ప్రాజెక్టు కోసం ఆరు నెలలు కూర్చుని, ఎవరు విప్పి చూసినా అర్థం కాకుండా కోడ్‌ను చిక్కుముడిలా మార్చే ప్రోగ్రాం రాశాను. ఎవరి కోడూ దొంగలకు దొరకకూడదనే నా తాపత్రయమంతా. తీరా చూస్తే, అసలు కోడ్ మొత్తం రిపోర్టు వెనక అచ్చేసి ఇవ్వాలన్నారు మా గైడు సారు. అదేం దిక్కుమాలిన రూలో! పళ్లు కొరుక్కుంటూనే క్యాంపస్ దాటి తార్నాకలో ఒక షాపులో ఫైలు ప్రింటుకు, బైండింగుకు ఇచ్చాను.

మరుసటి ఏడు సర్టిఫికెట్ల జిరాక్సు కోసం అదే షాపుకెళ్తే, అక్కడ ఒక జూనియర్ నా రిపోర్టుకు తన పేరుతో అట్ట వేయించుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నా ఫైలు గీయనకెట్ల ఇచ్చినవన్నా?" అని షాపాయన మీద అరిచాను.

"నన్నెందుకు తిడ్తవ్ చెల్లే? మీ సారే గిది తీస్కొమ్మని అందర్ని పంపుతున్నడు. కోడ్ మస్తు సాఫ్‌గ సమజైతదంట," అన్నాడాయన.