రాజీ పడవెక్కిన ఏడు కుక్కలు

కాళేశ్వరం ఘాట్‌లో పడవ నడిపే ఆడమనిషి రాజీ ఒక్కతే. వయసు ముప్పై ఎనిమిది. యాత్రికులను ఎక్కించుకుని గోదావరి, ప్రాణహిత కలిసే చోటు చూపించి తీసుకురావడం ఆమె పని. తండ్రి వీరయ్యకు మోకాళ్లు సహకరించడం మానేశాక ఇంజన్ ఆమె చేతికొచ్చింది. నది మధ్యలో ఎంత గాలి లేచినా బెదరని రాజీకి ఒకే ఒక్క భయం ఉండేది: కుక్కలు. ఏడేళ్లప్పుడు బయ్యారంలో మేనత్త పెళ్లికి వెళితే, విస్తళ్ల దగ్గర తిరుగుతున్న కుక్క ఒకటి ఆమె పిక్క పట్టుకుంది. ఆ తర్వాత దవాఖానలో పొడిచిన సూదులు ఆమె మరిచిపోలేదు. అందుకే ఆమె పడవలోకి కుక్కలకు ప్రవేశం లేదు.

ఈ నియమాన్ని మొదట దాటినవాడు హీరాలాల్. మహబూబాబాద్‌లో బట్టల దుకాణం ఉన్న ఆయన, నిరుడు కార్తీకమాసంలో భార్య సుమిత్రతో కలిసి వచ్చాడు. చేతిలో వెదురు బుట్ట, దానిపైన తువ్వాలు. పూజ సామాను అన్నాడు. రాజీ నమ్మింది.

నది మధ్యకు వెళ్లాక బుట్ట తుమ్మింది. తనకు జలుబు చేసిందని సుమిత్ర చెప్పింది. బుట్ట మళ్లీ తుమ్మింది. తనకూ జలుబేనని హీరాలాల్ అన్నాడు. మూడోసారి తువ్వాలు పక్కకు జరిగి, తెల్లటి తోక బయటికొచ్చింది. అది వాళ్ల బొచ్చుకుక్క జిలేబి. ఇంట్లో వదిలేస్తే తిండి మానేస్తుందని రహస్యంగా తెచ్చుకున్నారు.

రాజీ చటుక్కున కాళ్లు పైకి పెట్టుకుని వెనక బల్లమీద మఠం వేసుక్కూర్చుంది. అక్కడి నుంచే ఒక చేత్తో పడవ నడుపుతూ, బుట్ట మూత గట్టిగా పట్టుకొమ్మని చెప్పబోయింది. అంతలో ఒక నీటికాకి పడవ పక్కనుంచి ఎగిరింది. జిలేబి దానికోసం గాల్లోకి దూకి, నీళ్లలో పడింది.

హీరాలాల్ లేచి చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది.

“కూసో సేటూ,” అంది రాజీ. “నువ్వు దునుకుతే ఇద్దర్ని తియ్యాలె. దాన్ని పేరు పెట్టి పిలుస్తనే ఉండు.”

ఆమె పడవను కుక్కకు దిగువగా తిప్పి, నీళ్లలో తిరిగే ఇంజన్ రెక్క దానికి తగలకుండా ఆపేసింది. పిలుపు విని జిలేబే ఈదుకుంటూ వాళ్ల దగ్గరికి వచ్చింది. తెల్లటి చిన్న తల, దాని వెనక బుస్సుబుస్సుమనే ఊపిరి. రాజీ వంగి మెడపట్టీ అందుకుంది. పట్టీ ఊడి ఆమె చేతిలోకి వచ్చింది, కుక్క మాత్రం నీళ్లలోనే ఉండిపోయింది. ఇంక ఆలోచించే వ్యవధి లేదు. ఆమె పడవ అంచున బోర్లాపడి, రెండు చేతులూ దాని చంకల కింద వేసి పైకి లాగింది. జిలేబి ఆమె మెడను రెండు కాళ్లతో వాటేసుకుని ముఖమంతా నాకడం మొదలెట్టింది. రాజీ కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది.

కాసేపటికి హీరాలాల్ మెల్లగా అడిగాడు. “చెల్లె, జర మా కుక్కను మాకియ్యి.”

“నేను పట్టుకోలే సేటూ. గదే నన్ను పట్టుకున్నది.”

సుమిత్ర ముందు నవ్వింది. తర్వాత హీరాలాల్ నవ్వాడు. చివరికి రాజీకీ నవ్వొచ్చింది, ఎంతకూ ఆగలేదు. మెడకు కుక్కను వేసుకునే ఆమె పడవను ఒడ్డుకు తెచ్చింది. చూసిన వీరయ్య చేతిలోని బీడీ కింద పడేసుకున్నాడు.

ఆ రోజు నుంచి రాజీ మనసులో ఒకటే తిరిగింది: పట్టుకోవడానికి ఒక పిడి ఉంటే ఎంత సులువయ్యేదో. తాళ్లు తెగిన పాత లైఫ్ జాకెట్టు ఒకటి విప్పి, కుట్టుమిషన్ ముందు కూర్చుంది. చిరిగిన స్కూలు బ్యాగు పట్టీని వీపుమీద పిడిగా కుట్టింది. ఘాట్‌లో కొబ్బరికాయలు అమ్మే పోచమ్మ తన కుక్క టైగర్‌ను పరీక్షకు ఇచ్చింది. మోకాలిలోతు నీళ్లలో దింపితే టైగర్ ముక్కు కిందికి పోయి, తోక పైకి లేచింది. రాజీ వెంటనే పిడి పట్టి ఎత్తేసింది. స్పాంజి అంతా వీపుమీదే పెట్టడం తప్పని అర్థమైంది. విప్పి, పక్కలకూ రొమ్ముకూ సర్ది, గదవ కింద చిన్న దిండు పెట్టింది. ఈసారి టైగర్ బాతులా తేలింది. పిలిస్తే ఒడ్డుకు రాలేదు. పోచమ్మ బిస్కెట్లు చూపించినా రాలేదు. నీళ్లలో అంత దర్జాగా ఉండొచ్చని దానికి అప్పుడే తెలిసింది.

సంగతి ఫోన్లో విన్న హీరాలాల్ మూట నిండా ఎర్రగుడ్డ పంపించాడు, దూరం నుంచి కనపడాలని. దాంతోపాటు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ రాజీ గురించి చెప్పాడు. ఫలితంగా మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి హీరాలాల్ వాళ్లతో కలిపి ఏడు కుటుంబాలు ఏడు కుక్కలతో ఘాట్‌లో దిగాయి.

రాజీ ఆ ఎర్రగుడ్డతో కుట్టి ఉంచిన జాకెట్టు ఒక్కోదానికి తొడిగి, పొట్ట కింది పట్టీలో రెండు వేళ్లు దూరేంత వదులు చూసి బిగించింది. కుక్కలన్నీ పడవ మధ్యలో కూర్చోవాలంది. గొలుసు ఎవరూ పడవకు కట్టొద్దని, పడవ తిరగబడితే కట్టేసిన కుక్క దాంతోపాటే మునుగుతుందని చెప్పింది. అందరూ బుద్ధిగా తలలూపారు. కుక్కలు ఊపలేదు.

సంగమం దగ్గర మళ్లీ నీటికాకులు. జనగామ బ్యాంకు మేనేజరు చంద్రమోహన్ తెచ్చిన లాబ్రడార్ మొదట దూకింది. దాని వెనక జిలేబి. తర్వాత మిగతా ఐదూ, వరుసలో తమ వంతు వచ్చినట్టు, ఒకదాని వెనక ఒకటి. ఒక్క నిమిషంలో పడవలో మనుషులే మిగిలారు.

రాజీ ఇంజన్ ఆపింది. ఎవరూ లేవొద్దని, ఎవరి కుక్కను వాళ్లు పిలుచుకొమ్మని చెప్పింది. నదిమీద ఏడు పేర్లు ఒకేసారి లేచాయి. పక్క పడవల్లో దీపాలు వదులుతున్న యాత్రికులు దీపాలు మరిచి ఇటే చూశారు. ఏడు ఎర్ర జాకెట్లు నీళ్లమీద ఊగుతూ, తమ పేరు కాని పేర్లకు కూడా స్పందిస్తూ పడవవైపు వచ్చాయి. రాజీ అంచున మోకాళ్లమీద కూర్చుంది. పిడి పట్టడం, ఎత్తడం, లోపల పెట్టడం. సంతలో కూరగాయల సంచులు ఎత్తినట్టే. లాబ్రడార్‌కు మాత్రం చంద్రమోహన్ సాయం పట్టాల్సొచ్చింది. ఎక్కిన ప్రతి కుక్కా ఒళ్లు విదిలించడంతో మాఘస్నానం ఎవరికీ తప్పలేదు.

లెక్కపెడితే ఏడూ ఉన్నాయి. ఒక్కదానికీ గీత పడలేదు. తడిసి ముద్దయిన రాజీ బల్లమీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. ఆమె ఒళ్లో రెండు కుక్కలు, కాళ్లమీద ఒకటి. “ఇంకోసారి పోదామా?” అని అడిగింది కుక్కల్నే.

ఆ వారంలోనే తోటి పడవలవాళ్లు వచ్చి జాకెట్లు కుట్టించుకున్నారు. ఇప్పుడు ఘాట్‌లో ప్రతి పడవలో కుక్కలకోసం ఒకటైనా వేలాడుతుంటుంది. రాజీ సైజులు చిన్నది, నడిమిది, చంద్రమోహన్ సారుది అని మూడు రకాలు పెట్టుకుంది.

మొన్న గార్ల చెరువులో చేపలు పట్టే ఒకాయన ఫోన్ చేశాడు. తన మేక తెప్ప దిగనంటుందని, రోజూ వలతోపాటు చెరువులోకి వస్తుందని, దానికేమైనా చేయగలవా అని అడిగాడు. రాజీ టేపు మెడలో వేసుకుని, పెన్సిలు వెతుక్కుంది.

“మెడ కొలత చెప్పు అన్నా,” అంది. “కొమ్ములు ఎటు వంగినయో గది గూడ చెప్పు.”