మేతబీడు కేసు గెలిచిన ఆఫీసు

వకీలు జయపాల్ గారి ఆఫీసులో కెరోలిన్ చేరిన కొత్తలో ప్రొద్దుటూరు కోర్టు వీధిలో ఎవరూ ఆమెను వకీలనుకోలేదు. టైపు చేయడానికి వచ్చిన పిల్ల అనుకున్నారు. ఆమె పట్టించుకోలేదు. పుట్టి పెరిగింది జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో. తల్లి మేరీ నర్సు ఉద్యోగం చేసి రిటైరైంది. జయపాల్ గారు వాళ్ళ చర్చి పెద్ద. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేదీ ఆయనే, సోమవారం కోర్టులో వాదించేదీ ఆయనే. ఆ గొంతు విన్నాకే తనకు లా చదవాలనిపించిందని కెరోలిన్ కనపడ్డ వాళ్ళకంతా చెప్పుకునేది.

ఆ ఆఫీసుకు ప్రొద్దుటూరులో మేడ, జమ్మలమడుగులో ఒక గది, పులివెందులలో ఒక బోర్డు ఉన్నాయి. కెరోలిన్ మూడు ఊళ్ళకూ బస్సుల్లో తిరిగేది. యాక్సిడెంటు కేసులు, భార్యలకు భరణం కేసులు, ఎవరికీ అక్కరలేని కేసులన్నీ ఆమెకే వచ్చేవి. చాలావరకు గెలిచేది. ఇవి కాక, పెద్దముడియం పల్లెల్లో ఆఫీసు పేరుతో ఉచిత న్యాయ శిబిరాలు పెట్టేవారు. బ్యానరు మీద జయపాల్ గారి బొమ్మ ఉండేది. దాని కింద కుర్చీలో కెరోలిన్ ఉండేది.

అట్లాంటి ఒక శిబిరానికే యల్లమ్మ వచ్చింది. గొర్రెల కాపరుల సంఘానికి ఆమె పెద్ద. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా బీడులో ఎర్రజెండాలు నాటినారు లాయరమ్మా. సోలారు కంపెనీ అంట. గొర్లను తోలుకపోతే ఎనక్కి కొడ్తాండారు."

"ఆ బీడు ఎవరిది?"

"సంఘానిది. మా మామ కాలంలో మేతకని గవర్నమెంటోళ్ళే రాసిచ్చినారు. ఎవుర్ని అడిగినా కంపెనీ శానా పెద్దది, యాడికి పోతారులే అంటాండారు. నువ్వూ అదే చెప్పేదుంటే చెప్పు, పోతా. గొర్లు ఇడిసిపెట్టి వచ్చినా."

కెరోలిన్ ఆ మాట చెప్పలేదు. జమ్మలమడుగు కోర్టులో సంఘం తరపున దావా వేసి, అది తేలేదాకా బీడులో పనులు ఆపమని ఒక అర్జీ కూడా పెట్టింది. కంపెనీ కోసం పెద్ద ఊరి నుంచి కార్లలో వచ్చిన లాయర్లు ఆమెను చూసి నవ్వుకున్నారు. ఆమె మాత్రం సాయంత్రం దాకా నిలబడి వాదించింది. చివరికి, అర్జీ మీద పూర్తి వాదనలు వినేదాకా ఆ బీడులో ఎవరూ గుంత తవ్వకూడదని జడ్జి ఉత్తర్వు ఇచ్చారు. ఆ రోజు కోర్టు బయట యల్లమ్మ కెరోలిన్ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మరుసటి రోజు పేపర్లో ఫోటో వచ్చింది. జయపాల్ గారు ముందు నిలబడి ఉన్నారు. ఆయన వెనక కెరోలిన్ భుజం ఒక్కటి కనపడింది. కాపరులకు న్యాయం చేసిన సీనియర్ న్యాయవాది అని రాశారు. "నీ పేరు ల్యాదేందే?" అని మేరీ అడిగితే, "ఆఫీసు పేరుంటే నా పేరున్నట్టే గదమ్మా" అంది కెరోలిన్. ఆమె అప్పుడు మనస్ఫూర్తిగానే ఆ మాట అంది.

అర్జీ మీద పూర్తి వాదనలు చెప్పాల్సిన వాయిదా వచ్చింది. ముందు రోజు జయపాల్ గారు ఆమెను పిలిచారు.

"రేపు నువ్వు పులివెందులకు పోమ్మా. ఆడ యాక్సిడెంటు కేసులో సాక్షి వస్తాండాడు, మళ్ళీ దొరకడు. జమ్మలమడుగు నేను చూసుకుంటా."

ఆయన అంతటివాడే స్వయంగా వాదిస్తానంటే కెరోలిన్‌కు సంతోషమైంది. తయారుచేసిన వాదన అంతా ఆయనకు చెప్పి, పొద్దున్నే బస్సెక్కింది.

పులివెందుల కోర్టు వరండాలో ఉండగా అల్ఫియా ఫోను చేసింది. అల్ఫియా జమ్మలమడుగులో ప్రాక్టీసు పెట్టుకున్న వకీలు, కెరోలిన్‌కు కాలేజీ నాటి స్నేహితురాలు.

"మీ గొర్రెలోళ్ళ కేసు పిలిచినారు మే. మీవాళ్ళు ఎవ్వరూ రాలే. మధ్యాహ్నం దాకా ఆపి చూసినాడు జడ్జి. మళ్ళీ పిలిచినా ఎవ్వరూ లేరు. అర్జీ కొట్టేసినాడు. తవ్వగూడదన్న ఉత్తర్వు కూడా పోయినట్టే."

"సారు వస్తానన్నాడే!"

"మీ సారును పొద్దున ప్రొద్దుటూరులోనే చూసినానని మా క్లర్కు చెప్తాండాడు."

కెరోలిన్ సాక్షిని విచారించి, పని ముగించుకుని ప్రొద్దుటూరు చేరేసరికి సాయంత్రమైంది. మేడ మెట్ల మీద నుంచి సోలారు కంపెనీ మేనేజరు దిగుతూ ఎదురుపడ్డాడు. ఆమెకు నమస్కారం కూడా పెట్టాడు.

లోపల జయపాల్ గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"సార్, జమ్మలమడుగుకు పోలేదా?"

"వీలు కాలేదమ్మా."

"ఒక్క మాట చెప్పింటే నేను పోయిందును గదా సార్. అల్ఫియాతోనైనా వాయిదా అడిగిచ్చిందును."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "కంపెనీ ఈ చుట్టుపక్కల తీసుకునే భూముల కాగితాలన్నీ పరిశీలించే పని మనకిస్తాండారు. మన ఆఫీసు పిల్లోళ్ళందరికీ ఏండ్ల తరబడి పని. నేనేమన్నా వాళ్ళ తరపున లేచి వాదించినానా? అట్ల చేస్తే తప్పు. పోకపోవడం తప్పెట్లయితాది?"

ఆదివారాలు విన్న గొంతే అది. కొంచెం కూడా తడబడలేదు. కెరోలిన్‌కు కోపం కంటే ముందు సిగ్గు వేసింది, ఇన్నేళ్ళు ఆ గొంతుకు తల ఊపినందుకు.

"సన్మానం అయిపోనీ. తర్వాత మళ్ళీ అర్జీ వేద్దాం. అంతవరకు యల్లమ్మకు చెప్పొద్దు" అన్నారాయన. ఆయన వకీలు వృత్తిలో ముప్పయ్యేళ్ళు నిండిన సందర్భంగా ఆ ఆదివారమే సన్మాన సభ పెట్టుకున్నారు.

మరుసటి రోజు పొద్దున్నే కెరోలిన్ యల్లమ్మ ఊరికి పోయింది. ఉత్తర్వు పోయిందని చెప్పాల్సిన పని లేకపోయింది. బీడులో అప్పటికే యంత్రాలు తిరుగుతున్నాయి. ఇనప స్తంభాలు పాతుతున్నారు. గొర్రెలు దారి మీదే ఆగిపోయి ఉన్నాయి. కెరోలిన్ జరిగిందంతా దాచకుండా చెప్పింది. యల్లమ్మ విని, "కారు పంపిస్తామన్నారు సభకు. వస్తాలే" అంది.

సభలో కాపరుల తరపున శాలువా కప్పడానికి యల్లమ్మను వేదిక ఎక్కించారు. ఆమె శాలువా కప్పలేదు. చేతిలోనే పట్టుకుని మైకు దగ్గరికి పోయింది.

"సారూ, ఆ పొద్దు నువ్వు ఎందుకు రాలేదు? మేము ఏమి తప్పు చేసినామని? చెప్పు, ఇంటా."

హాలులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సభ నడిపే ఆయన చటుక్కున మైకు అందుకుని, "ఆనందంతో ఆ తల్లికి మాటలు తడబడుతున్నాయి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జయపాల్ గారు లేచి చేతులు జోడించారు. యల్లమ్మ ఆ చప్పట్ల మధ్య నిలబడి అటూ ఇటూ చూసింది. కెరోలిన్ వేదిక ఎక్కి, "ఆమె అడిగింది నిజం. మా ఆఫీసు ఈమె కేసును గాలికి వదిలేసింది" అని గట్టిగానే అంది. అప్పటికే మైకు ఆపేశారు. ముందు వరుసలో వాళ్ళు మాత్రం విన్నారు. విన్నవాళ్ళు తల వంచుకుని కూర్చున్నారు.

కెరోలిన్ ఆ ఆఫీసు వదిలేసింది. జమ్మలమడుగు కోర్టు వరండాలో అల్ఫియా పక్కన ఒక టేబుల్ వేసుకుంది. కొట్టేసిన అర్జీని తిరిగి తీసుకోమని వేసిన పిటిషను గెలిచింది కూడా. అయితే అప్పటికి వర్షాకాలం దాటిపోయింది. బీడంతా కంచె పడింది, సోలారు పలకలు లేచాయి. ఉన్నది ఉన్నట్టుగా ఉంచండి అని జడ్జి ఉత్తర్వు ఇచ్చారు. ఉన్నది కంచె. ఆ ఉత్తర్వు ఇక కంచెనే కాపాడుతుంది. తన వాదన మీదే వచ్చిన ఆ ఉత్తర్వును కెరోలిన్ చదివి మడిచి పెట్టింది.

చర్చిలో ఆమె కూర్చునే బెంచీలో మిగతావాళ్ళు కూర్చోవడం మానేశారు. జయపాల్ గారి మీద నోరెత్తిన పిల్ల అని మేరీ ఎదుటే అన్నారు. మేరీ ఆ మాట ఇంట్లో చెప్పకుండా దాచుకుంది. పులివెందులలో ఆయన ఆఫీసుకు సొంత మేడ లేచింది.

చివరికి దావా విచారణకు వచ్చింది. యల్లమ్మ సాక్ష్యం చెప్పాలి. కెరోలిన్ ఊరికి పోతే, ఇంటి ముందర దొడ్డి ఖాళీగా కనపడింది. మేత లేక మందను సంతలో అమ్మేశారు. యల్లమ్మ కొడుకు భాస్కర్ కంపెనీ యూనిఫారంలో బయటికి వచ్చాడు. కంచె దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం.

"మాయమ్మ రాదక్కా. వస్తే నా పని పోతాది" అన్నాడు.

యల్లమ్మ గడప మీద నుంచి లేవలేదు. "నీ మీద కోపం ల్యాదు మే. కేసు తీసేసెయ్. గొర్లే లేనప్పుడు బీడు ఏం చేసుకోవాల?"

"తీసేస్తే వాళ్ళదే న్యాయం అయిపోతాది."

"ఇప్పుడు ఎవురిదయ్యింది?" అంది యల్లమ్మ.

కెరోలిన్ తెచ్చిన కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. వచ్చే వాయిదాకు ఆమే లేచి నిలబడి, దావా నడపడం లేదని జడ్జికి చెప్పింది. జడ్జి ఒకసారి తలెత్తి చూసి, సరేనన్నారు. అవతలి లాయరు ఫైలు మూసి, మర్యాదగా నవ్వాడు.

వరండాలో షాహీదాబీ అనే ముసలావిడ కాచుకుని ఉంది. కొడుకులు తిండి పెట్టడం లేదని వచ్చింది. కెరోలిన్ ఆమెకు కుర్చీ చూపించి, మంచినీళ్ళు తాగి వచ్చింది.

"చెప్పవ్వా" అంది. కెరోలిన్ గొంతు మునుపటి కంటే కరుకుగా ఉందని అల్ఫియాకు అనిపించింది.