జానెడు ఖాళీ

పొడులూ గింజలూ ఎలా సర్దుకుంటాయో, ఎలా బిగుసుకుంటాయో, ఎలా జారతాయో నేను పిల్లలకి పాఠం చెబుతాను. గుడివాడ దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఏటా ఆ చాప్టర్ నాదే, ఎందుకంటే ఇంకెవరూ తీసుకోరు. ఒకదాని సందులో ఒకటి ఇరుక్కున్న గింజలు మళ్ళీ కదలాలంటే ముందు కాస్త ఎడం కావాలి, ఎడం కావడానికి చోటుండాలి అని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. ఇంత విద్వత్తు ఉన్నవాడిని కాబట్టే, మా బావ చేపల చెరువుని మూడు వారాల్లో ముంచేయబోయాను.

బావంటే మా అక్క భర్త. నందివాడ అవతల ఒక చెరువు కౌలుకి చేస్తున్నాడు. మోటారు సైకిలు మీంచి పడి, కాలు విరగ్గొట్టుకుని బందరు ఆసుపత్రిలో చేరాడు. నాకేమో సెమిస్టరు సెలవులు. ఊరికే గట్టు మీద కూర్చుంటే చాలు, పనంతా మావయ్య చూసుకుంటాడని బావ నన్ను పంపాడు. చేపలు ఇంకో నెలలో పట్టుబడికి వస్తాయి. వాళ్ళింటికి ఆ చెరువు తప్ప వేరే ఆధారం లేదు. ఈ సంగతి అక్క రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి గుర్తుచేసేది, నేనేదో పులుసు వండుకు తినడానికి వెళ్ళినట్టు.

మావయ్య మాకేమీ చుట్టం కాదు. పదిహేనేళ్ళుగా ఆ చెరువుకి మేత కట్టే పెద్దాయన. ఊరంతా మావయ్యా అంటుంది, మేమూ అంటాం. మా వైపు చేపలకి మేత చల్లరు, కడతారు. నూనె తీసిన తవుడులో వేరుశెనగ చెక్క కలిపి ప్లాస్టిక్ గోతాల్లో పోసి, అడుగున మేకుతో బెజ్జాలు పెట్టి, చెరువులో పాతిన వెదురు గెడలకి వేలాడదీస్తారు. చేపలొచ్చి మూతులతో పొడుస్తాయి, గోతాం కదులుతుంది, బెజ్జాల్లోంచి కాస్త కాస్త రాలుతుంది. సాయంత్రానికి గోతాలు ఖాళీగా తిరిగొస్తాయి.

మొదటిరోజే నా కన్ను ఒక ఘోరం మీద పడింది. మావయ్య ఏ గోతాన్నీ నిండా నింపడం లేదు. పైన జానెడు ఖాళీ వదిలి మూతి కట్టేస్తున్నాడు. సర్దుకునేలా ఒక్కసారైనా నేలకేసి కుదేయడం లేదు. అన్ని గోతాల్లో జానెడేసి ఖాళీ అంటే పడవ ఎన్నిసార్లు దండగమారి తిరుగుళ్ళు తిరుగుతోందో నేను గట్టు మీద కూర్చునే లెక్కకట్టేశాను. ఎందుకిలా అని అడిగితే ఆయన తలెత్తకుండా, "దానికీ కాస్త చోటు ఉండాలి కదండీ" అన్నాడు. నేను ఏటా గంటసేపు చెప్పే పాఠం అదే. బొమ్మ లేదు కాబట్టి గుర్తుపట్టలేదు.

మర్నాటి నుంచి నా పద్ధతి. ప్రతి గోతాన్నీ మూడుసార్లు నేలకేసి కుదేయించి, కాలితో తొక్కించి, మూతి దాకా దట్టించాను. నలభై గోతాలకి పట్టే మేత ముప్ఫైలో పట్టేసింది. నన్ను చూసి నాకే ముచ్చటేసింది. మావయ్య చెప్పినట్టే కట్టాడు.

సాయంత్రం గోతాలు పొద్దున వెళ్ళినదానికంటే బరువెక్కి తిరిగొచ్చాయి. తడిసిన తవుడు ఉబ్బడానికి చోటు లేక బండలా బిగుసుకుపోయింది. చేపలు ఎంత పొడిచినా ఏం రాలుతుంది? దీన్నిబట్టి నేను తేల్చింది ఏమిటంటే, చేపలకి ఒంట్లో బాగోలేదని. గుడివాడలో చేపల మందుల షాపాయన నాకంటే మేధావి. ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా రెండు డబ్బాలు చేతిలో పెట్టాడు.

మూడు రోజులు చేపల్ని పస్తులుంచాక ఇంకో ఉపాయం తట్టింది. బెజ్జాలు చిన్నవయ్యాయేమోనని చాకు పెట్టి రెండు వేళ్ళు పట్టేంత కోయించాను. మధ్యాహ్నం దాకా ఏమీ రాలేదు. ఆ తర్వాత, నానిన ముద్దంతా ఒక్కసారిగా విరిగి, గోతాలకి గోతాల మేత చెరువు అడుక్కి జారిపోయింది. బిగుసుకున్నది జారితే అలాగే జారుతుందని కూడా నేను చెబుతాను. అది రెండు మార్కుల ప్రశ్న.

తవుడు అడుగున కుళ్ళి నీళ్ళలో గాలి తగ్గింది. దానికి తోడు మబ్బు పట్టింది. తెల్లవారి చూద్దును కదా, బొచ్చె చేపలూ శీలావతులూ అన్నీ పైకి తేలి, నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. అక్క ముఖం కళ్ళ ముందు కదిలింది. మావయ్య ఇంజను వేసి కాలవ నీళ్ళు పెట్టించాడు. పీకల్లోతు నీళ్ళలో దిగి మిగిలిన గోతాలన్నీ విప్పి తెచ్చాడు. ఎండెక్కేసరికి చేపలు లోపలికి దిగాయి. నాలుగు గంపలు చచ్చిపోయాయి, మిగతావన్నీ బతికాయి. ఆ రోజు నుంచి మళ్ళీ జానెడు ఖాళీ.

మూడో వారం బావ చంకలో కర్రలతో వచ్చాడు. చచ్చిన చేపల సంగతి అప్పటికే ఎవరో చెప్పారు. గట్టు మీది పాకలో నేను దట్టించినవి పది గోతాలు ఇంకా ఉన్నాయి. వాటిని విప్పించాలన్న జ్ఞానం కూడా నాకు లేకపోయింది. బావ కర్రతో ఒకదాన్ని పొడిచి చూశాడు. గోడని పొడిచినట్టు చప్పుడైంది.

"ఎవరు కుదేశారివి?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. అంతలో మావయ్య తాడు చుట్టుకుంటూ, "నేనేనండి. వయసు మీద పడింది, అంచనా తప్పుతోంది" అన్నాడు.

బావకీ నాకూ మధ్య మాట రాకూడదని తప్పు తన మీద వేసుకున్నాడు. ఆ మాట తప్పని చెప్పడానికి నాకు కావలసినంత టైముంది. నేను కాలవ వైపు చూస్తూ నించున్నాను. ఆయన్ని తిట్టినా బాగుండేది. బావ చాలా మెత్తగా, ఇక ఇంటిపట్టున ఉండు మావయ్యా, చాలా చేశావు అన్నాడు. ఆయన సరేనని చుట్టిన తాడు పడవలో పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

నా సెలవులు అయ్యేలోగా మేత కట్టడానికి కొత్త మనిషి వచ్చాడు. మొదటి గోతాం మూతి దాకా నింపి కుదేయబోతుంటే ఆపాను. పైన జానెడు ఖాళీ వదలాలని, తవుడుకీ కాస్త చోటు ఉండాలని వివరంగా చెప్పాను.

"భలే తెలుసే మీకు. ఎవరు నేర్పారండీ?" అన్నాడు.

"కాలేజీలో పాఠం చెబుతానయ్యా" అన్నాను.