అడ్డంగా తగిలిన తూటాలు

కొత్తగా ఉద్యోగం వచ్చిన ఆ రోజుల్లో, తెలివి కూడా జీతంతో పాటే నెలనెలా వచ్చి పడుతుందని నాకు గట్టి నమ్మకం. డోన్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఆదివారమైతే బేతంచెర్ల దగ్గర పాడుబడిన నాపరాయి గనిలో, రైఫిల్ క్లబ్బు వాళ్లతో పాటు బోర్లా పడుకుని, మూడు వందల మీటర్ల దూరంలోని కాగితాన్ని కొట్టేవాణ్ణి. (కొట్టాలని చూసేవాణ్ణి అనడం న్యాయం.) గురి అంతంతమాత్రమే గానీ, తూటాల గురించి మొదలుపెడితే నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. తూటా గాలిని ఎంత సులువుగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె ఒకటుంది, బాలిస్టిక్ కోఎఫిషియెంట్ అంటారు. ముక్కు సూదిగా, ఒళ్లు పొడుగ్గా, తోక సన్నగా ఉన్న తూటాకు ఆ అంకె ఎక్కువ. అది ఎంత దూరం పోయినా వేగం అంతగా తగ్గదు, పక్కగాలికి అంతగా లొంగదు. ఇది తెలిసిన దగ్గర్నుంచి నాకు కూరగాయల్లో కూడా వంకాయ కంటే బెండకాయే మేలనిపించేది.

సరిగ్గా అప్పుడే రాయచోటి నుంచి ఒక సంబంధం వచ్చింది. ఫోటో చూశాను, పెద్దల అనుమతితో రెండుమూడుసార్లు ఫోన్లో మాట్లాడాను. ఆ అమ్మాయి నవ్వు విన్నాక ఈ సంబంధం తప్పితే నాకు పెళ్లే వద్దని తేల్చేసుకున్నాను. మా వైపు ఒక పద్ధతి ఉంది. పిల్లనిచ్చే ముందు పిల్ల తండ్రి చెప్పాపెట్టకుండా పిల్లవాడి ఊరికి వచ్చి, టీ అంగట్లో కూర్చుని, నలుగురి నోటా వాడి గుణగణాలు విచారించుకుంటాడు. ఆ పెద్దమనిషికి నలుగురినీ అడిగే శ్రమ లేకుండా, ఆయనెవరో తెలియక, నేనే పోయి ఎదురుగా కూర్చున్నాను. పక్కన క్లబ్బు మిత్రుడు. రాబోయే ఆదివారం రాష్ట్ర పోటీలకు ఎంపిక జరుగుతుంది, దానికి ఏ తూటా వాడాలన్నది మా వాదన.

తెల్లపంచె పెద్దాయన శ్రద్ధగా వింటుంటే నాకు ఊపు వచ్చింది. ఎంత దూరం నుంచి కొడతావప్పా అని అడిగాడు. చెప్పాను. గాలి వీస్తే ఎట్లా అన్నాడు. బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి పొడుగు తూటా బొమ్మ గీసి చూపించాను. ఆయన కాసేపు ఆ బొమ్మనే చూశాడు.

“అవతలోనికి ముందుగా సద్దు తెలుస్తాదా అప్పా?”

“యాడ తెలుస్తాది సార్. సద్దు చేరేలోపలే తగిలిపోయింటాది.”

ఆయన టీ సగంలో వదిలేసి లేచాడు. అంతసేపు మాట్లాడి కూడా నేను కాగితం అన్న మాట ఒక్కసారీ వాడలేదని అప్పుడు తట్టలేదు. మా జిల్లాల్లో తుపాకీ మాటెత్తితే ఎదుటివాడికి ముందు గుర్తొచ్చేది కాగితం కాదు.

మర్నాడు ఆ అమ్మాయే ఫోన్ చేసింది. వాళ్ల నాయన ఇంటికి పోయి, పిల్లోడు చదువుకున్నోడే, మర్యాదస్తుడే, కానీ దూరం నుంచి కొట్టే పనిలో ఉండాడు, మనకొద్దు అన్నాడట. నేను కొట్టేది గనిలో కాగితాన్నని గబగబా చెప్పుకొచ్చాను. ఆమె మాత్రం నవ్వు ఆపుకుంటూ, ఆదివారం నాయనను గని దగ్గరికే తీసుకొస్తాను, మీరు కొట్టేదేందో ఆయనే కళ్లారా చూసుకుంటాడు అంది.

ఆదివారం ఎండ నాపరాళ్ల మీద పడి కళ్లు తెరవనివ్వడం లేదు. ఆయన గొడుగు కింద, పక్కన ఆమె. క్లబ్బులో అందరూ వాడే పొట్టి తూటా నాకు అలవాటే. కానీ ఆ రోజు ఆమె చూస్తోంది. అందుకని ఆ అంకె అన్నిటికంటే ఎక్కువున్న పొడుగు తూటాలు బతిమాలి తెప్పించుకుని, ఒక్కటీ ముందుగా కాల్చి చూసుకోకుండా పోటీకి పడుకున్నాను. కాల్చడం అయ్యాక టార్గెట్ కాగితం తెచ్చి ఇచ్చారు. కొన్ని తూటాలకు జాడే లేదు. తగిలినవాటి రంధ్రాలు గుండ్రంగా లేవు, పొడుగ్గా చీలి ఉన్నాయి. చూడగానే అర్థమైంది. తూటా పొడుగయ్యే కొద్దీ రైఫిల్ గొట్టం లోపల మరచుట్టులా ఉండే గాడి మెలి దాన్ని మరింత వడిగా తిప్పాలి. మా క్లబ్బు పాత రైఫిల్లో మెలికి అంత బిగువు లేదు. తిరుగుడు చాలక నా తూటాలు గాల్లో పల్టీలు కొట్టుకుంటూ అడ్డంగా పోయి తగిలాయి. ఎంపిక పోయింది. పరువు ఆమె కళ్లముందే పోయింది. ఏడుపొక్కటే తక్కువగా, మెలి సంగతి ఆ పెద్దాయనకు వివరించబోయాను.

ఆయన వినలేదు. కళ్లద్దాలు పెట్టుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నడిమి నల్లచుక్క చెక్కుచెదరలేదని తేల్చుకుని కూతురి వైపు తిరిగాడు.

“ఇంత పెద్ద కాగితాన్నే ఈయప్ప సరింగ కొట్టలేకపాయ. ఈ పిల్లోని వల్ల యా మనిషికీ హాని లేదు. ముహూర్తం పెట్టుకుందాం పామ్మా.”

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు సంతోషించాలో ఉడుక్కోవాలో తెలియక రెండూ చేశాను.

తర్వాత క్లబ్బుకు కొత్త రైఫిల్ వచ్చింది, నా గురీ కొంత కుదిరింది. అయినా మా మామకు ఇప్పటికీ ఒక్క మంచి టార్గెట్ చూపించలేదు. (చూపిస్తే ఆయన మనసు ఎక్కడ మారుతుందోనని మా ఆవిడ భయం. కొంచెం నాదీ.) ఒక్కోసారి, కాలిన బండ మీద బోర్లా పడుకుని, ఒకే ఒక్క అంకెను దేవుడిలా నమ్ముకుని ఊపిరి బిగబట్టిన ఆ బక్కపలచని కుర్రాడు గుర్తొస్తాడు. వాడి మీద జాలేస్తుంది, ముద్దూ వస్తుంది. ఆ రోజు వాడి తూటాలు తిన్నగా పోయి ఉంటే, నేనిప్పుడు ఎవరితో కలిసి నవ్వుకునేవాణ్ణో.