మగ్గం గుంటలో మాణెమ్మ

గద్వాలలో మా ఇంట్లోకి పట్టపగలే దయ్యాన్ని దింపిన ఘనత నాది. భయస్తులు పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదవండి.

ఉద్యోగ పరీక్ష కోసం కష్టమైన ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతున్న రోజులవి. అవ్వ టీవీ తప్ప ఇల్లంతా కునుకు తీసే మధ్యాహ్నాల్లో ఒక్కో మాటనూ, దాని అర్థాన్నీ ఫోన్లో గుసగుసగా రికార్డు చేసుకునేదాన్ని. ఆ రోజు మబ్బు పట్టింది, కరెంటు పోయింది. మిద్దె మీద రికార్డు చేసినవి విందామని పెడితే ఫోను మూగబోయింది. చెడిపోయిందనుకుని సౌండు పూర్తిగా పెంచి, విసుగొచ్చి అక్కడే వదిలేసి కిందికి దిగాను.

కింద నాయిన, కాళ్లు దించుకుని కూర్చుని నేసే మగ్గం గుంటలోంచి బయటపడి గోడకు అతుక్కుని ఉన్నాడు. సాయంత్రం వనపర్తి పెళ్లివాళ్లు వచ్చేలోగా కొంగు నేసి మగ్గం మీంచి చీర కోయాలి. లేకపోతే పెళ్లికూతురికి పీటల మీదికి చీర లేదు. ఆయనేమో గుంటలో కాలు పెట్టనంటున్నాడు.

"లోపట ఎవరో ఆడామె మాట్లాడుతుంది బిడ్డా."

విన్నాను. చీకటి గుంటలోంచి ముందు ఏదో మంత్రం, వెనకే "చచ్చిపోయిన" అని ఒక గొంతు. నెలలుగా నేనే బట్టీపట్టిన ఇంగ్లీషు నాకు మంత్రంలా వినిపించిందంటే, నా చదువు ఎంతవరకు వచ్చిందో మీరే అర్థం చేసుకోండి.

"మాణెమ్మే," అంది అవ్వ. "నా ఆడబిడ్డ. సచ్చేదాంక గీ గుంటల్నే కూసొని నేసింది."

అచ్చం ఆమె గొంతేనని నేనూ ఒప్పుకున్నాను. నేను పుట్టకముందే పోయిందావిడ.

అవ్వ పసుపు కుంకుమల పళ్లెంతో గుంట మీదికి వంగి, ఎందుకొచ్చావని అడిగింది.

"కవెట్... పరుల సొమ్ముకు ఆశపడుట."

అవ్వ చేతిలో పళ్లెం జారింది. "నీ వెండి కడియాలు నేనే దాసుకున్న మాణెమ్మా. తిరిగిచ్చేస్త. పోతవా?"

"లింగర్... పోకుండా ఉండిపోవుట."

నాయిన కళ్లు మూసుకున్నాడు. అప్పుడు గుంట ఒకసారి దగ్గింది.

"అవ్వా, జర టీవీ సౌండు తగ్గియ్యి. సదువుకుంటున్న."

ముగ్గురం కరెంటు లేని టీవీ వైపు చూశాం. తర్వాత ఇద్దరు నా వైపు చూశారు.

నాయిన గుంట పక్క గూట్లో చెయ్యి పెట్టి, తాను నేస్తూ పాటలు వినే బ్లూటూత్ స్పీకరు బయటికి తీశాడు. మిద్దె మీది నా ఫోను దానంతటదే దానితో కలిసిపోయి, నా గొంతంతా అందులోంచి పలికింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తాతలు తవ్విన గుంటలో పడ్డాను.

తిట్టే తీరిక లేక నాయిన మళ్లీ గుంటలోకి దిగాడు. నాచేత దారం కండెలు చుట్టించి, పెళ్లివాళ్లు గుమ్మంలో చెప్పులు విప్పే వేళకు చీర కోశాడు. నా ప్రాణం అప్పటికి కుదుటపడి, మరి మాణెమ్మ కడియాల సంగతేంటని అవ్వను అడిగాను.

"దయ్యమే లేనప్పుడు కడియాలెక్కడియే? నోర్మూసుకొని సదువుకో."

ఆ రోజే శపథం చేశాను. ఇకపై ఏ ఇంగ్లీషు మాట రికార్డు చేసినా, ముందు నా పేరు, నాయిన పేరు, ఇంటిపేరు చెప్పి, నేను బతికే ఉన్నానని ప్రకటించాకే అర్థంలోకి దిగుతాను.